గుర్రం మీదివాళ్లు పుట్టించిన మాట: పెడెస్ట్రియన్

(జిల్లా గ్రంథాలయంలో విద్యార్థులు, అనువాదకుల కోసం జరిగిన సభలో చేసిన ప్రసంగానికి రాతరూపం)

సభకు నమస్కారం.

ఈ సాయంత్రం ఒక్క ఇంగ్లిష్ విశేషణం గురించి మాట్లాడతాను. ఆ మాట పెడెస్ట్రియన్. రోడ్డు మీద బోర్డుల్లో మీరంతా చూసిందే. పెడెస్ట్రియన్ క్రాసింగ్ అంటే నడిచివెళ్లేవాళ్లు రోడ్డు దాటే చోటు. అదే మాట పుస్తక సమీక్షలోనో సినిమా సమీక్షలోనో కనిపిస్తే అర్థం వేరు. స్క్రీన్‌ప్లే పెడెస్ట్రియన్‌గా ఉందన్నారంటే కథనం చప్పగా, ఎక్కడా లేవకుండా, నేలబారుగా సాగిందని. తిట్టు పెద్దదేమీ కాదు, కానీ గట్టిగానే తగులుతుంది. చెడ్డది అనిపించుకున్న పుస్తకం గురించి పదిమంది మాట్లాడుకుంటారు. పెడెస్ట్రియన్ అనిపించుకున్న పుస్తకాన్ని ఎవరూ తెరవరు.

మామూలుగా ఉండేవాటిని చెప్పడానికి ఇంగ్లిష్‌లో మాటలకు కొదవ లేదు. మండేన్, ప్రొజాయిక్, బనాల్, మీడియోకర్, హమ్‌డ్రమ్, ఇంకా చాలా. వాటిలో దీన్నే ఎందుకు ఎంచుకున్నానంటే, నడక అనే మంచి పని లోంచి నింద ఎలా పుట్టిందో చూస్తే, మామూలు వస్తువుల గురించి, మామూలు మనుషుల గురించి మనం ఎలా తీర్పులు చెబుతామో తెలిసిపోతుంది. ఆ తీర్పు విషయంలో నాకొక గట్టి అభిప్రాయం ఉంది. అక్కడికి కాస్త చుట్టూ తిరిగి వస్తాను, ఓపిక పట్టండి.

మొదట చరిత్ర. ఈ మాటకు అసలు అర్థం నడిచేవాడు అయి ఉంటుందనీ, నడక నిదానం కాబట్టి తర్వాతెప్పుడో విసుగు పుట్టించేది అనే అర్థం వచ్చి ఉంటుందనీ చాలామంది అనుకుంటారు. వినడానికి సబబుగానే ఉంటుంది. కానీ ఇంగ్లిష్‌లో జరిగింది తలకిందులుగా. రాత చప్పగా ఉందనే అర్థంలో ఈ విశేషణం 1716 నాటికే దొరుకుతోంది. కాలినడకన వెళ్లే అనే అర్థం ఇంగ్లిష్‌లో స్థిరపడింది 1790ల్లో. అంటే నింద ముందు వచ్చింది, నడక తర్వాత వచ్చింది. ఇంగ్లిష్‌వాళ్లు ఈ మాటను వీధిలోంచి తెచ్చుకోలేదు, లాటిన్ చదువులోంచి తెచ్చుకున్నారు.

లాటిన్‌లో పెదెస్తెర్ అంటే కాలినడకన ఉండేది. దానికి ఎదురుమాట ఎక్వెస్తెర్, గుర్రం మీద ఉండేది. రోమన్ సైన్యంలో గుర్రపుదళం, కాల్బలం రెండూ ఉండేవి. కానీ గుర్రం కేవలం యుద్ధానికి సంబంధించిన విషయం కాదు. రోమ్‌లో ఈక్వెస్ట్రియన్లు అని ఒక వర్గమే ఉండేది. ఆస్తి ఉన్నవాళ్లు, సెనేటర్ల తర్వాత మెట్టు మీద కూర్చున్నవాళ్లు. కాబట్టి ఈ రెండు మాటల మధ్య తేడా ప్రయాణం చేసే పద్ధతిలో మాత్రమే లేదు, హోదాలో కూడా ఉంది.

అదే తేడాను వాళ్లు భాషకూ పెట్టారు. దీనికి గ్రీకులే దారి చూపారు. గ్రీకులో వచనాన్ని నడిచే మాట అనేవారు. కవిత్వానికి గుర్రం ఉంది, రెక్కలు కూడా ఉన్నాయి. పెగాసస్ అనే రెక్కల గుర్రం హెలికాన్ కొండ మీద గిట్టతో తన్నిన చోట ఊట పుట్టిందనీ, అది కవులకు ప్రేరణనిచ్చే నీరనీ వాళ్ల పురాణకథ. పద్యం ఎగురుతుంది, వచనం నడుస్తుంది. ఇంతవరకు ఇందులో తిట్టు లేదు, వర్ణనే ఉంది.

ఇక్కడ హోరెస్ దగ్గర కాసేపు ఆగాలి. క్రీస్తు పూర్వం మొదటి శతాబ్దపు రోమన్ కవి. కవిత్వ కళ మీద ఆయన రాసిన పద్యలేఖలో నాటకాల గురించి ఒక మాట ఉంది. టెలిఫస్, పీలియస్ అని ఇద్దరు విషాదనాయకులు. దేశం పోయి, చేతిలో ఏమీ లేక దిక్కులేనివాళ్లైనప్పుడు వాళ్లు ఎలా మాట్లాడాలి? ఉబ్బించిన మాటలు, అడుగున్నర పొడవుండే సమాసాలు పక్కన పారేసి, నడిచే భాషలోనే ఏడవాలంటాడు. చూసేవాడి గుండెను తాకాలనుకుంటే అదే దారి అంటాడు. ఆయన వాడినది సరిగ్గా ఈ పెదెస్తెర్ అనే మాటే. తన వ్యంగ్యకవితల దేవతను కూడా ఆయన నడిచే దేవత అనే పిలుచుకున్నాడు. ఆయనకంటే ముందు అలెగ్జాండ్రియాలో కాలిమాకస్ అనే గ్రీకు కవి, ఒక పెద్ద కావ్యం ముగిస్తూ, ఇక కవితాదేవతలు కాలినడకన తిరిగే మేతబయలుకు వెళతానని చెప్పుకున్నాడు. చూడండి, ఇద్దరు మహాకవులు ఈ మాటను తమకు తాము పెట్టుకున్నారు. ఏ లోపాన్నీ చెప్పడానికి కాదు, తాము ఎంచుకున్న దారిని చెప్పడానికి.

పద్దెనిమిదో శతాబ్దపు ఇంగ్లండ్‌కు వచ్చేసరికి ఈ ఎంపిక మాయమైంది. కవిత్వమంటే ఎత్తులో ఉండాలి, మాట కూడా వీధిమాట కాకూడదు అనే అభిరుచి రాజ్యం చేస్తున్న కాలమది. అలాంటి చోట నడిచే రాత అంటే ఎగరడం చేతకాని రాత అనే అర్థమే మిగిలింది. రోమన్ కవి గౌరవంగా వాడుకున్నది విమర్శకుడి చేతిలో కొరడా అయింది.

కానీ ఆ శతాబ్దం చివర్లో ఇంగ్లండ్‌లోనే నడక మళ్లీ లేచి నిలబడింది. 1790లో విలియం వర్డ్స్‌వర్త్ అనే ఇరవై ఏళ్ల విద్యార్థి ఒక స్నేహితుడితో కలిసి ఫ్రాన్స్ మీదుగా ఆల్ప్స్ పర్వతాల దాకా నడిచి వెళ్లాడు. 1793లో ఆ ప్రయాణం మీద కవిత అచ్చువేస్తూ, దాని పేరులోనే పెడెస్ట్రియన్ టూర్ అని రాసుకున్నాడు. డబ్బున్న కుర్రాళ్లు బండ్లలో యూరప్ తిరిగివచ్చే కాలంలో కాలినడకన వెళ్లానని పుస్తకం ముఖం మీద చెప్పుకోవడానికి ధైర్యం కావాలి. ఆయన జీవితమంతా నడుస్తూనే ఉన్నాడు. మొత్తం లక్షా డెబ్బై అయిదు వేల మైళ్లకు పైనే నడిచి ఉంటాడని ఆయన్ని ఎరిగిన రచయిత డి క్విన్సీ లెక్కగట్టాడు. 1800లో తన కవితల ముందుమాటలో మనుషులు నిజంగా మాట్లాడే భాషలో కవిత్వం రాయాలని వాదించాడు. ఆయన కవితల్లో ఉండేది గొర్రెల కాపరి, బిచ్చమెత్తే ముసలివాడు, జలగలు పట్టి బతికేవాడు. 1802 ఏప్రిల్‌లో చెల్లెలు డొరొతీతో కలిసి సరస్సు ఒడ్డున నడుస్తుంటే కనబడిన డాఫడిల్స్ అనే పసుపు పూలే తర్వాత అందరూ బళ్లో చదువుకునే కవిత అయ్యాయి. వస్తువు నేల మీదిది, భాష దాదాపు నేల మీదిది, కవిత మాత్రం లేచింది. ఆయన కవితలన్నీ లేచాయని చెప్పను. కొన్ని నిజంగానే చతికిలబడ్డాయి. వాటిని పెడెస్ట్రియన్ అంటే ఒప్పుకుంటాను. కానీ అవి అలా పడిపోవడానికి కారణం గొర్రెల కాపరి కాదు.

అదే కాలంలో ఇంగ్లండ్‌లో నడక ఆటగా కూడా మారింది. పెడెస్ట్రియనిజం అనేవారు. 1809లో కెప్టెన్ బార్క్‌లే అనే ఆయన న్యూమార్కెట్ అనే ఊళ్లో వెయ్యి గంటలు వరసగా, గంటకొక మైలు చొప్పున వెయ్యి మైళ్లు నడిచి వెయ్యి గినీల పందెం గెలిచాడు. వేలకొద్దీ జనం చూడవచ్చారు. ఆర్భాటం లేనిదానికి పేరైన మాటే ఆ ఏడాది ఒక పెద్ద ఆర్భాటానికి పేరైంది.

ఈ మాటకు చుట్టాలున్నాయని చెప్పాను కదా, వాటినీ ఒకసారి పలకరించి వెళదాం. బనాల్ అనేది ఫ్రెంచి మాట. భూస్వామికి చెందిన మర, రొట్టెల పొయ్యి ఊళ్లో ఉండేవి, రైతులంతా తప్పనిసరిగా వాటినే వాడుకోవాలి. అందరూ వాడేది అనే అర్థం పోయి, అరిగిపోయినది అనే అర్థం వచ్చింది. మీడియోకర్ అంటే లాటిన్‌లో కొండ సగానికి ఎక్కినది. మండేన్‌లో ఉన్నది లోకం. మన లౌకికం ఎలా పుట్టిందో అదీ అలాగే పుట్టింది. వీటిలో బనాల్‌కు, పెడెస్ట్రియన్‌కు ఒక పోలిక ఉంది. పదిమందిదీ అయినదాన్ని పైనుంచి చూసినవాళ్లు తక్కువగా చూడటం.

ఈ చూపు ఇంగ్లిష్‌వాళ్లదే అనుకోవద్దు. మన దగ్గర గ్రామ్యం అనే మాట ఉంది. అర్థం ఊరిది అని మాత్రమే. అలంకారశాస్త్రంలో అది కావ్యదోషాల్లో ఒకటి. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో గిడుగు రామమూర్తి పంతులుగారు బడిపుస్తకాల్లోకి వాడుకభాష రావాలని పోరాడినప్పుడు ఎదుటిపక్షం చేతిలో పెద్ద ఆయుధం ఈ గ్రామ్యమే. ఊళ్లో మనుషులు మాట్లాడేది కాబట్టి రాతకు పనికిరాదు అన్నారు. ఈ రోజు నేను ఇలా మాట్లాడగలుగుతున్నానన్నా, రేపు దీన్ని ఇలాగే అచ్చువేస్తారన్నా ఆయన చలవే.

అయితే మన సంప్రదాయంలో రెండో పాయ కూడా ఉంది. అది నాకు చాలా ఇష్టం. లాటిన్‌లో పాదం వచనానికి గుర్తైంది. మనకు పాదం పద్యానికి గుర్తు. పద్యం అనే మాటలోనే పాదం ఉంది. రెండేసి పాదాలతో సాగేది ద్విపద. గద్యం అంటే పలికేది. ఇంకా చూడండి, పదం అంటే అడుగు, పదం అంటే మాట, పదం అంటే పాట. క్షేత్రయ్య పదాలు అంటే క్షేత్రయ్య వేసిన అడుగులని ఎవరూ అనుకోరు, అయినా మాట అదే. లాటిన్ పెస్, సంస్కృతం పాదం ఒకే వేరు నుంచి వచ్చినవి. లాటిన్ పద్యాల్లో కూడా లెక్కబెట్టేది పాదాలనే. కాబట్టి తప్పు పాదంలో లేదు. ఆ మాటకు నింద అంటించింది పక్కన ఉన్న గుర్రం.

వచనం తక్కువదని కూడా మనవాళ్లు అనుకోలేదు. గద్యం కవీనాం నికషం వదంతి అని పాత మాట. కవి సత్తా తేలే గీటురాయి గద్యమే అని. పదమూడో శతాబ్దంలో పాల్కురికి సోమనాథుడు బసవపురాణం ద్విపదలో ఎందుకు రాస్తున్నాడో మొదట్లోనే చెప్పాడు. పెద్ద పెద్ద గద్యపద్యాల కంటే జాను తెనుగు సరసమైనది, సర్వసామాన్యమైనది, అందుకే ద్విపద కూరుస్తున్నానన్నాడు. సర్వసామాన్యం! ఫ్రెంచివాళ్ల ఊరి మరకు నిందగా మారిన అర్థమే మన కవి నోట కారణమైంది, గర్వమైంది. ఆయన ఆ మాట అన్న తీరు చదివినప్పుడల్లా నాకు ఒళ్లు పులకరిస్తుంది.

మామూలు అనే మాటను చూడండి. అరబ్బీ నుంచి మనదాకా వచ్చింది. లంచానికి కూడా అదే పేరు పెట్టుకున్నాం, అది వేరే సంగతి. కానీ ఇంట్లో ఒకరు జ్వరంతో పదిరోజులు మంచం పట్టి లేస్తే, మళ్లీ మామూలు మనిషి అయ్యాడు అంటాం. ఆ మాట అనేటప్పుడు ఇంటిల్లిపాదికీ ఎంత ఊరట! సాదాసీదా మనిషి అంటే పొగడ్త. తేట తెలుగు అంటే పొగడ్త. బంటు అంటే చదరంగంలో అందరికంటే చిన్నవాడు, కానీ హనుమంతుడు రామబంటు. మన నేలలో పాదయాత్ర అంటే గౌరవం. వినోబా భావే భూదానోద్యమం 1951లో పోచంపల్లిలో మొదలై దేశమంతా నడిచింది. కొండకు మెట్ల మీద నడిచి వెళ్లినవాడిని కారులో వెళ్లినవాడికంటే భక్తుడిగా చూస్తాం.

ఇక వాడుకకు వద్దాం. అనువాదకులకు, పరీక్షలు రాసే పిల్లలకు ఇది పనికొచ్చే భాగం.

పెడెస్ట్రియన్ ఏ అర్థంలో ఉందో ఎలా పోల్చుకోవాలి? ముందు వెరీ, రాదర్, మోర్ లాంటి మాట పెట్టి చూడండి. పెడెస్ట్రియన్ బ్రిడ్జ్ అంటే నడిచేవాళ్ల వంతెన. వెరీ పెడెస్ట్రియన్ బ్రిడ్జ్ అంటే ఏ అందమూ లేని వంతెన. కాలినడకకు ఎక్కువ తక్కువలు లేవు, చప్పదనానికి ఉన్నాయి. అలాగే నామవాచకం ముందు కాకుండా వాక్యం చివర విడిగా వస్తే దాదాపు ఎప్పుడూ నిందే. ద బ్రిడ్జ్ ఈజ్ పెడెస్ట్రియన్ అని రాస్తే ఇంగ్లిష్ పాఠకుడికి తోచేది చప్పని వంతెనే. అందుకే పాదయాత్రను ఇంగ్లిష్‌లోకి తెచ్చేటప్పుడు ఈ విశేషణం జోలికి వెళ్లకండి. ఆన్ ఫుట్ అనండి, ఫుట్ మార్చ్ అనండి, చాలు.

క్రికెట్ రాతల్లో పెడెస్ట్రియన్ పేస్ అంటే బంతి నడకలా నిదానంగా వస్తోందని. అక్కడ వేగం సంగతే ఎక్కువ. ఇంకొక మెత్తని వాడుక ఉంది. ఎవరో ఉద్యోగం మానేశారు, లోకమంతా ఏదో పెద్ద కథ అల్లుకుంది. ఆయన మాత్రం, నా కారణాలు మోర్ పెడెస్ట్రియన్ అంటాడు. అందులో తిట్టు లేదు. అసలు కారణం మీరనుకున్నంత పెద్దదేం కాదు, మామూలుదే అని. దీన్ని తెలుగులో నేలబారు కారణాలు అని రాస్తే అర్థం చెడిపోతుంది.

నేలబారు అనే మాట ఈ నిందకు మనకున్న మాటల్లో దగ్గరిది. నేలబారుగా పాకే తీగ అంటాం, అది వర్ణన. నేలబారు కథనం అంటాం, అది తీర్పు. పెడెస్ట్రియన్‌లో ఉన్న రెండు ముఖాలూ ఇందులో ఉన్నాయి. శైలి, కథనం, ఆలోచన, దర్శకత్వం, ప్రసంగం, వీటికి నేలబారు బాగా కుదురుతుంది. నాసిరకం అనకండి, నాసిరకంలో పనితనం లోపం ఉంటుంది. పెడెస్ట్రియన్ అనిపించుకున్న రాతలో తప్పులేమీ ఉండకపోవచ్చు. వ్యాకరణం సరిగ్గానే ఉంటుంది, కథకు మొదలూ చివరా ఉంటాయి. లోపమల్లా ఒక్కటే, అది ఎక్కడా పైకి లేవదు.

అందుకే ఈ మాట వాడేముందు విమర్శకుడు తనను తాను ఒక ప్రశ్న వేసుకోవాలని నా పట్టుదల. ఈ రాత పైకి లేస్తానని మాట ఇచ్చిందా? ఇచ్చి లేవలేకపోతే పెడెస్ట్రియన్ అనడం న్యాయం. రైతుకు ఎరువు మోతాదు చెప్పే కరపత్రం ఉంది. డాక్టరు రాసిచ్చే మందుల చీటీ ఉంది. బస్టాండులో బస్సుల వేళల బోర్డు ఉంది. వీటికి రెక్కలొస్తే ప్రమాదం. మోతాదు చెప్పే వాక్యం నడవాలి, నిదానంగా, తేటగా, అడుగు తర్వాత అడుగు వేస్తూ నడవాలి. అలాంటి రాత రాసేవాళ్లను చప్పగా రాశారనడం అన్యాయం. తెలుగులో అలాంటి రాత మనకు ఎంతో కరువుగా ఉంది కూడా. ప్రభుత్వ ఉత్తర్వుల తెలుగు చదివి అర్థం చేసుకోలేక జనం ఎంత అవస్థ పడుతున్నారో మీకు తెలుసు. దానికి కావలసింది రెక్కలు కాదు, మంచి కాళ్లు.

రెండో మాట. వస్తువును చూసి ఈ విశేషణం వేయకండి. రేషన్ షాపు ముందు క్యూలో నిలబడిన ఆడమనిషి మీద కథ రాస్తే, ఇదేం కథ, నేలబారుగా ఉంది అనే సమీక్షలు వస్తుంటాయి. క్యూ నేల మీదే ఉంటుంది, ఇంకెక్కడ ఉంటుంది? కథ లేవలేదనుకుంటే ఏ వాక్యం దగ్గర లేవలేదో, ఎక్కడ రచయిత సులువైన దారి పట్టాడో చూపించండి. అది చూపించగలిగితే ఆ మాట విమర్శ అవుతుంది. చూపించలేకపోతే అది గుర్రం మీద కూర్చున్నవాడి చూపు మాత్రమే.

నేను చెప్పదలచుకున్నది అయింది. ఎవరైనా అడుగుతారా?

(సభ నుంచి ఒక విద్యార్థిని: సార్, ప్రొజాయిక్‌కు, పెడెస్ట్రియన్‌కు తేడా ఏమిటి? రెండిటికీ వచనంతో సంబంధం ఉంది కదా.)

మంచి ప్రశ్నమ్మా. రెండూ ఒకే ఇంటివి. ప్రొజాయిక్ నేరుగా ప్రోజ్ నుంచి వచ్చింది, వచనంలాంటిది అని. వాడుకలో ఒక తేడా ఉంది. ప్రొజాయిక్ అనేది ఎక్కువగా విషయానికి వాడతారు. ప్రొజాయిక్ ఎక్స్‌ప్లనేషన్ అంటే ఊహలేవీ లేని మామూలు వివరణ. దయ్యం అనుకున్నది గాలికి కొట్టుకుంటున్న కిటికీ అని తేలితే అది ప్రొజాయిక్. పెడెస్ట్రియన్ ఎక్కువగా చేసిన పనికి, చేసిన తీరుకు వాడతారు. ఆ కిటికీ కథను ఒకరు విసుగొచ్చేలా చెప్పారనుకో, ఆ చెప్పడం పెడెస్ట్రియన్. మొదటిదానికి మామూలు అని రాయి, రెండోదానికి నేలబారు అని రాయి. చాలావరకు సరిపోతుంది.

(ఒక అనువాదకుడు: నడిచే భాష అని హోరెస్ అన్నదాన్ని తెలుగులో ఏమంటారు? నేలబారు అనలేం కదా.)

అనలేమండి. అక్కడ నింద లేదు. నేనైతే నడిచే మాట అనే ఉంచేస్తాను. కాస్త కొత్తగా ఉన్నా ఉండనివ్వండి. ఆయనకు ఎదురుగా అడుగున్నర పొడవు సమాసాలున్నాయి కాబట్టి పాఠకుడికి అర్థమవుతుంది. సోమనాథుడి జాను తెనుగు ఇక్కడ సరిగ్గా సరిపోయేదే, కానీ ఆ పేరు ఆయనది. గ్రీకు విషాదనాయకుడి నోట పెడితే ఎబ్బెట్టుగా ఉంటుంది.